తిట్టిన నోటితోనే

సావనీర్‌కి ఏదైనా రాసిమ్మని సంపాదక మిత్రుడు నెల రోజులుగా మెస్సులో నా పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. ఏం రాయమంటావు అంటే "ఏదైనా" అంటాడు. సమాజానికి సందేశం ఇచ్చేటంత వాణ్ని కాను. కవిత్వం నాకు చేతకాదు. ప్రేమ సంగతులు రాద్దామంటే ఈ సంచిక మా నాన్నగారు కూడా చదువుతారు. వెరసి నాకు తెలిసిన విషయం ఒక్కటే మిగిలింది. అది మా హాస్టల్ మూడో అంతస్తు చివరి గదిలో శనివారం రాత్రుళ్లు జరిగే ఆట. ఆ గదిలో అర్ధరాత్రి దాకా ఈ కేకలేమిటని వార్డెన్ గారు రెండుసార్లు తలుపు తట్టారు కూడాను. "ఏమీ లేద్సార్, డ్రాగన్‌ని చంపుతున్నాం" అని ఉన్న మాటే చెప్పాం. ఆయన మాకేసి జాలిగా చూసి వెళ్లిపోయారు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. ఎరగనివారికి ఒక్క ముక్కలో చెప్పాలంటే, నలుగురైదుగురు కూర్చుని కలిసి చెప్పుకునే కథ. ఒకడు సూత్రధారి. లోకాన్నీ, అందులోని రాక్షసుల్నీ వాడు చూసుకుంటాడు. మిగతావాళ్లు తలా ఒక వేషం కడతారు. యోధుడొకడు, మాంత్రికుడొకడు, దొంగ ఒకడు, ఇలాగ. "ఆ గోడ దూకేస్తాను" అంటాడొకడు. దూకాడా, నడుం విరిగిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఈ విద్య నేర్చుకుని, 2021లో హాస్టల్‌కి మోసుకొచ్చిన పుణ్యాత్ముణ్ని నేనే. అంచేత సూత్రధారి పదవి కూడా నాదే. పదవి అన్నాక కాస్త పొగరు తప్పదు. ఈ కథంతా ఆ పొగరు గురించే.

ఈ ఆటకి నియమాల పుస్తకాలున్నాయి. వాటిని కొన్నేళ్లకోసారి తిరగరాస్తూ ఉంటారు. 1989లో రెండో ఎడిషన్, 2000లో మూడోది, 2003లో దానికి సవరణ, 2008లో నాలుగోది, 2014లో ఐదోది, 2024లో ఆ ఐదోదానికే మళ్లీ సవరణ. మన యూనివర్సిటీలో రెగ్యులేషన్ మారినప్పుడల్లా ఏం జరుగుతుందో పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. "మా రోజుల్లో సిలబస్సంటే సిలబస్సురా" అని సీనియర్లు నిట్టూరుస్తారు. అక్కడా అదే తంతు. రెండో ఎడిషన్‌లో పిశాచాల పేర్లు తీసేసి, తరవాత కొత్త పేర్లతో వెనక్కి తెస్తే పాత కాపులు మండిపడ్డారు. కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత తగ్గే తలకిందుల లెక్క పాతనుంచీ ఉన్నదే అయినా, ఆ ఎడిషన్ పేరు చెప్పి దాన్ని ఇప్పటికీ వెక్కిరిస్తారు. అదే ఎడిషన్ రోజుల్లో డార్క్ సన్ అనే ఎడారి లోకం, ప్లేన్‌స్కేప్ అనే వింత లోకం పుట్టాయని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు.

అయితే నాలుగోదానికి పడిన తిట్లు వేరు. వీడియో గేమ్‌ని కాగితం మీదకి దించారన్నారు. యోధుడికీ మాంత్రికుడికీ తేడా లేకుండా చేశారన్నారు. నిజమే, అందులో అందరికీ ఒకే మూసలో "పవర్లు" ఉంటాయి. ఎన్నిసార్లైనా వాడుకునేవి కొన్ని, పోరాటానికి ఒక్కసారి వాడేవి కొన్ని, రోజుకి ఒక్కసారి వాడేవి కొన్ని. గళ్ల బల్ల పరవందే యుద్ధం సాగదు. పైజో అనే కంపెనీ పాత నియమాలకే మెరుగులు దిద్ది 2009లో పాత్‌ఫైండర్ అని వేస్తే చాలామంది అటు వెళ్లిపోయారు. ఇవన్నీ నేను విన్నవే. ఆ పుస్తకం ఎన్నడూ ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా ఐదో ఎడిషన్ భక్తుడిగా నలుగురితో పాటు నేనూ నారాయణా అని, ఎక్కడ సందు దొరికినా నాలుగోదాన్ని ఓ తిట్టు తిట్టి గానీ ముందుకి పోయేవాణ్ని కాదు.

ఇక్కడ మా జూనియర్ ఒకడు రంగంలోకి వస్తాడు. పేరెందుకు లెండి, మా ఫ్లోర్‌లో అందరూ చిన్నోడు అంటారు. పాలకొండ అవతల ఓ పల్లె వాడిది. వాడికి నత్తి. మామూలు మాటల్లో అంతగా తెలియదు గానీ, నలుగురు తనకేసి చూస్తుంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. ఏడాది పాటు ప్రతి శనివారం వచ్చి, మాంత్రికుడి వేషంలో మూల కూర్చుని, వంతు వచ్చినప్పుడు వేలు చూపించి పాచిక వేసేవాడు. నేనేమో నాటకాల పిచ్చోణ్ని. "ఊరికే వేలు చూపిస్తే ఎలారా, నీ మాంత్రికుడు ఏమంటాడో అను!" అని గదమాయించేవాణ్ని. వాడు నవ్వి ఊరుకునేవాడు.

2023 దసరా సెలవుల తరవాత చిన్నోడు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని దిగాడు. అమెరికాలో ఉన్న మేనమామ పాత పుస్తకాల షాపులో చవగ్గా దొరికాయని తెచ్చిచ్చాట్ట. పెట్టెలో మూడు పుస్తకాలు. నాలుగో ఎడిషన్. సెలవులన్నాళ్లూ చదివినట్టున్నాడు, అట్ట ముక్కలు గుర్తుగా పెట్టుకున్నాడు. "అన్నా, ఇది ఆ-ఆడదాం. వార్‌లార్డ్ వేషం నేను వేస్తాను" అన్నాడు. వాడు వేషం అడగడం అదే మొదలు.

వార్‌లార్డ్ అంటే దళపతి అనుకోండి. మంత్రాలు రావు, దైవబలం లేదు. తోటివాళ్లని నడిపించడమే వాడి విద్య. పోరాటంలో పడిపోయినవాణ్ని ఒక్క మాటతో లేపుతాడు. తన వంతులో తాను కొట్టకుండా పక్కవాడి చేత కొట్టించగలడు. ఈ దళపతి మీద ఆటగాళ్ల లోకంలో ఒక పాత ఎత్తిపొడుపు ఉంది. నేను అదే ఎత్తుకున్నాను. "ఒరేయ్ తమ్ముడూ, గాయం మానాలంటే మంత్రమైనా ఉండాలి, మందైనా ఉండాలి. పక్కనోడు అరిస్తే మానుతుందట్రా?"

గదిలో అందరూ నవ్వారు. నా రూమ్మేట్ ఒక మెట్టు పైకెక్కి, "వీడి అరుపు పూర్తయ్యేలోగా ఆ పడ్డోడు కాస్తా పోతాడు గురూ" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

చిన్నోడు కూడా నవ్వాడు. పుస్తకాలు పెట్టెలో సర్దుకుని వెళ్లాడు. ఆ మరుసటి శనివారం రాలేదు. ఇంటర్నల్స్ అన్నాడు. ఆ తరవాతి వారం తలనొప్పి. మూడో వారం మేం పిలవలేదు.

2024 మార్చిలో నాకు అమ్మవారు పోసింది. హాస్టల్‌లో ఆ సంగతి పొక్కిందంటే మన గది చుట్టూ ఎంత నిశ్శబ్దం అలుముకుంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. రూమ్మేట్ ఆ సాయంత్రమే బకెట్టుతో సహా వేరే గదికి మారిపోయాడు. ఇంటికి వెళ్దామంటే అక్కయ్యకి నెలల పిల్ల. ఒళ్లంతా పొక్కులతో, తలగడ మీద వేపమండతో, సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ పడుకున్నాను. అవి మూడే. రెండో రోజు పొద్దున తలుపు దగ్గర క్యారేజీ చప్పుడు. చిన్నోడు. "నాకు చిన్నప్పుడే పోసిందన్నా, భ-భయం లేదు" అని పెరుగన్నం బల్ల మీద పెట్టాడు. పది రోజులు, రెండు పూటలా తెచ్చాడు. ఫోన్ చూస్తే కళ్లు మండుతున్నాయి, చదువుకోడానికి ఏమన్నా ఉంటే తెచ్చిపెట్టరా అన్నాను. తెచ్చాడు. ఆ అట్టపెట్టే తెచ్చాడు. నన్ను దెప్పడానికి తెచ్చాడా, వాడి దగ్గర వేరే పుస్తకాలు లేకనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

వేరే గతిలేక చదివానని ముందే ఒప్పుకుంటున్నాను.

మొదట సూత్రధారి పుస్తకం తీశాను. దాన్ని తప్పులు పట్టడానికే తెరిచాను గానీ, నలభై యాభై పేజీలు పోయేసరికి పెన్సిల్ పెట్టి గీతలు గీయడం మొదలెట్టాను. అందులో ఆటకి వచ్చేవాళ్లు ఎన్ని రకాలో రాశారు. వేషం కట్టి మాట్లాడటానికి వచ్చేవాడు, కొత్త చోట్లు వెతకడానికి వచ్చేవాడు, కెలకడానికి వచ్చేవాడు, కొట్టడానికి వచ్చేవాడు, ఆలోచించి చిక్కు విప్పడానికి వచ్చేవాడు, ఇలా ఎనిమిది రకాలు. ఎనిమిదోవాడు ఊరికే చూసేవాడు. స్నేహితులతో కూర్చోవడం వాడికి ఇష్టం, అంతే. వాడికి ఇష్టమైనంత మేరకే ఆడనివ్వు, బలవంతం చెయ్యకు అని సూత్రధారికి హితవు. నేను మూడేళ్లుగా సూత్రధారిని. ఎనిమిది రకాల్లో నాకు తెలిసినది మొదటిది ఒక్కటే, అది నేనే గనక.

తరవాత నియమాలు. యుద్ధం మన సినిమాల లెక్కలో నడుస్తుంది. విలన్ వెనక వరసగా నిలబడే గూండాలు ఉంటారు చూడండి, హీరో ఒక్క గుద్దు గుద్దితే గాల్లో ఎగిరిపోయేవాళ్లు. ఈ పుస్తకంలో వాళ్లకి మినియన్లని పేరు. ఒక్కొక్కడికి ప్రాణబలం అచ్చంగా ఒకటి. ఒక్క దెబ్బకి పోతాడు, కానీ పది మంది చుట్టుముడితే ఎంతటివాడికైనా చెమటలు పడతాయి. అలాగే ఎవరి ప్రాణబలమైనా సగానికి దిగితే "బ్లడీడ్" అంటారు, నెత్తురు కనబడిందన్నమాట. హీరో పెదవి తుడుచుకుని వేలి మీది రక్తం చూసుకునే ఘట్టం అది. కొన్ని మృగాలు సరిగ్గా అక్కడే రెచ్చిపోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం మాంత్రికుడి సంగతి. పాత ఎడిషన్లలో చిన్న మాంత్రికుడికి రోజుకి ఒక్క మంత్రం. అది వాడేశాక పాపం బాకులు విసురుతూ మూల నిలబడాలి. ఇందులో ఎన్నిసార్లైనా వాడే మంత్రాలు మొదటి మెట్టు నుంచే ఉన్నాయి. యోధుడికి కూడా "కొడతాను" అనడం కాక చేయడానికి పని ఉంది. శత్రువుని గురిపెట్టి నిలబడితే, వాడు ఇంకొకణ్ని కొట్టబోయినప్పుడు గురి చెడుతుంది, పైగా యోధుడి కత్తి వాడి మీద పడుతుంది. కబడ్డీలో గొలుసు కట్టి దారి మూసేవాడి పనితనం. ఎవరి వంతు వచ్చినా చేతులు కట్టుక్కూర్చోవలసిన అవసరం లేకుండా ఈ పుస్తకం రాసినవాళ్లు పట్టుబట్టి చూశారు. తిట్టేవాళ్లు "అందరూ ఒకే మూస" అన్నది దీన్నే. ఆ మాట అబద్ధం కాదు. పేజీ తరవాత పేజీ అవే చదరపు పెట్టెలు చూసి నాకూ ఆవలింతలొచ్చాయి. కాని ఆ మూస ఎందుకు వచ్చిందో ఎవరూ నాకు చెప్పలేదు.

మరి అరుపుకి గాయం మానడం? ఇక్కడే నా పరువు పోయింది. ఈ ఆటలో ప్రాణబలమంటే ఒంట్లోని నెత్తురొక్కటే కాదనీ, నేర్పూ అదృష్టమూ దైవానుగ్రహమూ కూడా కలిసిన లెక్క అనీ గైగాక్స్ మహాశయుడు 1979లోనే తన సూత్రధారి పుస్తకంలో రాశాడని తరవాత తెలిసింది. ఆ మాటే నిజమైతే అందులో సగం గుండె ధైర్యమే. మాటకి అది పెరగదా? మనకి శల్యసారథ్యం అనే మాట ఉంది. రథం తోలుతూ శల్యుడు అన్న మాటలకి కర్ణుడి బలం సన్నగిల్లిందంటే చిన్నప్పటినుంచీ నమ్ముతున్నాం. తగ్గించే మాట ఉన్నప్పుడు పెంచే మాట ఉండకూడదని నేను ఏ మొహంతో వాదించాను? ఆ పెట్టె పక్కన పెట్టుకుని, ఆ గదిలో సారథి సీటులో ఇన్నాళ్లూ ఎవరు కూర్చున్నారా అని ఆలోచిస్తే ఒంటి మీది పొక్కులకన్నా అదే ఎక్కువ దురద పెట్టింది.

ఇంకో ముచ్చట. నేను నెత్తిన పెట్టుకున్న ఐదో ఎడిషన్‌లో ఎన్నిసార్లైనా వాడే మంత్రాలు, చావుబతుకుల మధ్య ఉన్నవాడు వేసే మూడు పాచికల నియమం, కాసేపు కూర్చుని సేద తీరితే బలం పుంజుకోవడం, ఇవన్నీ నాలుగోదాంట్లోవే. కొన్నింటికి పేరు మార్చారు, అంతే. నాలుగోదాన్ని రాసిన ముఖ్యుల్లో ఒకడైన రాబ్ హైన్సూ, మూడోదాన్ని రాసిన జోనథన్ ట్వీట్‌తో కలిసి 2013లో థర్టీన్త్ ఏజ్ అని వేరే ఆటే తెచ్చాడు. తండ్రిని తిట్టి తాతని పొగిడే కొడుకుల్లా ఉంది మా వ్యవహారం.

పదో రోజున స్నానం పోసుకున్నాక చిన్నోడితో అన్నాను. "ఒరేయ్, ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది."

వాడు క్యారేజీ గిన్నెలు విడదీస్తున్నాడు. తలెత్తలేదు. "న-నవ్వినందుకు కాదన్నా. నవ్వడం అలవాటే. మీరు చ-చదవకుండా నవ్వారు."

ఏప్రిల్ మొదటి శనివారం నాలుగో ఎడిషన్‌తో ఆట పెట్టాం. గళ్ల బల్ల మా దగ్గరెక్కడిది? మంచాలు వరండాలోకి ఈడ్చి, నేల మీద సుద్దముక్కతో గళ్లు గీశాం. చింతపిక్కలు శత్రువులు, గవ్వలు మేము. పులిజూదం ఆడుకునే వయసుకి తిరిగి వెళ్లినట్టుంది. అన్నట్టు పులిజూదంలో గళ్లు లేకపోతే ఆట సాగదని ఎవరూ ఏడవరు. సూత్రధారి పుస్తకంలోనే చివర ఒక చిన్న సాహసం ఉంది, కోబోల్డులనే మరుగుజ్జు తొండమనుషుల స్థావరం. దాని అడుగున తెల్ల డ్రాగన్, వయసులో ఇంకా కుర్రదే. మెస్సు గ్లాసు బోర్లించి నాలుగు గళ్ల మీద పెట్టి అదే డ్రాగన్ అన్నాను.

లోపాలు దాచను. ఆ డ్రాగన్ ప్రాణబలం రెండు వందల పైచిలుకు. రాత్రి తొమ్మిదింటికి మొదలైన పోరాటం పన్నెండున్నరకి కూడా తేలలేదు. ఎవడికి ఎన్ని తగ్గాయో, ఎవడు చలికి బిగుసుకున్నాడో, అది ఎప్పుడు వదులుతుందో రాసుకోడానికి రికార్డు బుక్కు నాలుగు పేజీలు అయిపోయాయి. మొదట్లో మృగాలకి బలం ఎక్కువా దెబ్బ తక్కువా పెట్టి, 2010లో వచ్చిన మూడో మృగాల పుస్తకంలో వాళ్లే ఆ లెక్క సరిదిద్దుకున్నారు. మాటలతో, ఉపాయాలతో చిక్కు విప్పే ఘట్టాలకి పెట్టిన లెక్క అయితే పుస్తకం వచ్చిన కొద్ది రోజులకే సవరించవలసి వచ్చింది. ఈ సవరణలేవీ చిన్నోడి పెట్టెలో లేవు. ఉన్నదాంతోనే ఆడాం. మధ్యలో ఒకడు గోడకి జారబడి నిద్రపోయాడు.

డ్రాగన్ బలం సగానికి దిగింది. నియమం ప్రకారం అక్కడ అది మళ్లీ ఒకసారి ఊపిరి వదలాలి. మంచు తుపాను. నేను పాచికలు వేశాను. యోధుడు, అంటే మా రూమ్మేట్, నేలకూలాడు. పడినవాడు తన వంతులో పాచిక వెయ్యాలి, మూడుసార్లు తప్పితే ప్రాణం పోతుంది. మొదటిది తప్పింది. రెండోది తప్పింది. వాడు ఈ ఆటలో ఆరు నెలలుగా పోషించిన పాత్ర కాదది, ఆ సాయంత్రం పుట్టినదే. అయినా వాడి మొహం పాలిపోయింది.

చిన్నోడి వంతు. దళపతి.

నేను ఏమీ అడగలేదు. పుస్తకం చెప్పినట్టు నోరు మూసుకున్నాను. వాడు గవ్వని జరిపి యోధుడి పక్క గడిలో పెట్టాడు. వేలు చూపిస్తే చాలు, నియమం అంతవరకే. వాడు తలెత్తి రూమ్మేట్‌కేసి చూశాడు.

"ల్..." అన్నాడు. ఆగింది. "ల్... ల్..."

ఎవరూ కదల్లేదు. అందించబోయినవాడు లేడు. నిద్రపోయినవాడు కూడా లేచి కూర్చున్నాడు. ఎంతసేపో చెప్పలేను, ఫ్యాను చప్పుడు మాత్రం వినబడింది.

"లే."

రూమ్మేట్ ఏ పవరూ అడగలేదు, లెక్క కూడా చూడలేదు. "లేచాను గురూ" అని తన గవ్వని నిలబెట్టబోయాడు. గవ్వ నిలబడదు కదా, రెండుసార్లు పడింది. మూడోసారి చిన్నోడే దాన్ని చింతపిక్కకి ఆనించి నిలబెట్టాడు. ఆ తరవాత డ్రాగన్ ఇంకో గంట బతికింది. చివరికి దాన్ని పడగొట్టింది మాంత్రికుడు, ఎన్నిసార్లైనా వాడుకునే ఆ మామూలు మంత్రంతోనే.

పొద్దున్న గది ఊడవడానికి వచ్చిన అప్పలమ్మ మామ్మ నేల మీది సుద్దగళ్లు చూసి చీపురు ఆపింది. "ఇంత గడ్డాలొచ్చాయి, ఇంకా తొక్కుడుబిళ్ల ఆడుతున్నార్రా బాబూ?"

నేను వివరించబోయాను. మంచం కోడు పట్టుకుని ఈడుస్తున్న చిన్నోడు నాకన్నా ముందే అందుకున్నాడు.

"అ-అవును మామ్మా. తుడవకండి, వచ్చే వారం మ-మళ్లీ కావాలి."